తూటా చేయు యంత్రమును తూటాయేనా?

మన దేశమున నేడు అమలునందున్న 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమును తెరచి, అందు ‘మందుగుండు’ అను మాటకు చెప్పబడిన అర్థమును చదివినవారెవ్వరైనను ఒకచోట ఆగి మరల చదువక తప్పదు. రాకెట్లు, బాంబులు, ఫిరంగి గుండ్లు మందుగుండనుటలో వింత లేదు. తుపాకిలో దట్టించు మందును, దానిని రగుల్చు టోపీయు మందుగుండే యనుటయు న్యాయమే. కాని ఆ పట్టిక అంతటితో ఆగలేదు. మందుగుండు యొక్క విడిభాగములును, దానిని తయారుచేయు యంత్రములును మందుగుండే యని అందొక ఉపవాక్యము చెప్పుచున్నది. అనగా ఒకడు తన యింటి పెరటిలో ఇనుప దిమ్మెను ఆకురాయితో అరగదీసి, కాల్చిన తూటా డొల్లను తిరిగి నింపుటకు పనికివచ్చు చేతిమర నొకదానిని చేసెనేని, ఆ మర చట్టము కంటికి మర కాదు, తూటాయే. దానితో ఒక్క తూటాయైనను నింపి యుండనక్కరలేదు. చిటికెడు మందైనను ఆ యింట దొరకనక్కరలేదు. లైసెన్సు లేక చేసిన చాలును. 2019వ సంవత్సరపు సవరణ తరువాత ఆ నేరమునకు శిక్ష 7 సంవత్సరములకు తక్కువ కాని కారాగారవాసము, ఎక్కువైనచో యావజ్జీవము.

ఈ సంగతిని తణుకు పఠనమందిరమున కూర్చుండి చర్చింపవలసిన పని యేమని కొందరడుగవచ్చును. తణుకు ఆయుధముల ఊరు కాదు. వరియు చెరకును పండు డెల్టా పట్టణము. నిజమే. కాని గోస్తనీ తీరమున ధాన్యపు మిల్లులున్నవి, చక్కెర కర్మాగారమున్నది, వానికి ఇరుసులును పళ్లచక్రములును చెక్కి యిచ్చు లేతు పనివాండ్రున్నారు. ఇనుముపై చేయి తిరిగినవాడు ఏ యూర నున్నను ఈ చట్టము వాని గడపలోనే యున్నది. గిరాకీదారుడొకడు కాగితముపై బొమ్మ గీసికొని వచ్చి, ఈ కొలతకు ఉక్కు అచ్చు నొకటి చేసి పెట్టుమని అడిగినచో, ఎందులకని అడుగు అలవాటు మన పనివాండ్రకు లేదు. కొలత సరిపోయినదా, కూలి ముట్టినదా యనునంతవరకే వాని విచారము. తెలియక చేసినవానిని న్యాయస్థానము విడిచిపెట్టవచ్చును. తెలిసి చేసినాడో తెలియక చేసినాడో తేలులోపల వాడెన్ని నెలలు జైలులో నుండవలయునో, వాని లేతు ఎన్ని నెలలు తుప్పుపట్టవలయునో ఆ లెక్క యే చట్టములోను లేదు.

అసలీ పని యెట్టిదో రెండు మాటలలో చెప్పవలయును. తూటా యనునది నాలుగు వస్తువుల కూర్పు: ముందు గుండు, లోపల మందు, అడుగున టోపీ, ఈ మూటిని పట్టియుంచు లోహపు డొల్ల. పేల్చినప్పుడు గుండు పోవును, మందు కాలును, టోపీ చెడును. డొల్ల మాత్రము మిగులును. తూటా వెలలో డొల్ల వెల హెచ్చుభాగము. కావున దానిని పారవేయక, సరిచేసి, మరల నింపుకొనుట పాశ్చాత్య దేశములలో వేటగాండ్రకును, గురిపందెములాడువారికిని బహుకాలముగా నున్న అలవాటు. నింపు మరలన్నియు అక్కడ పెద్ద కర్మాగారములలో పుట్టినవి కావు. 1943లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఓరోవిల్ అను చిన్న యూర, తండ్రి చాకలి దుకాణపు వెనుకభాగమున ఫ్రెడ్ హంటింగ్టన్ అను యువకుడు గుండ్లను ఒత్తు అచ్చులు చేయ మొదలిడెను. పొలములను త్రవ్వు రాక్ చక్ అను చిన్న జంతువును కొట్టుటకు కావలసిన గుండ్లు యుద్ధకాలమున అంగళ్లలో దొరకకపోవుటయే అందులకు కారణము. ఆ దుకాణపు పని ఆర్‌సీబీయస్ అను పేర లోకమంతట తెలిసిన వ్యాపారమయ్యెను. 1958 ప్రాంతమున రిచర్డ్ లీ అను మరియొక అమెరికనుడును తన యింటి పనిశాలలోనే ఇట్టి చేతిపనిముట్టు నొకదానిని కల్పించి అమ్మకమునకు పెట్టెను. అదే పని తణుకున ఒక కమ్మరి కుమారుడు చేసియున్నచో వాని కథ ఏ గ్రంథమునకెక్కెడిదో పాఠకులే యూహింపవచ్చును; పోలీసు ఠాణాలోని చిట్టాకు మాత్రము తప్పక యెక్కెడిది.

ఈ ఉపవాక్యము స్వతంత్ర భారతమున పుట్టినది కాదు. 1878లో లార్డు లిట్టన్ రాజప్రతినిధిగా నున్నప్పుడు చేసిన ఆయుధముల చట్టమున నిది మొదట కనబడుచున్నది. ఆ చట్టము యొక్క పట్టిక చదువుటకు వినోదముగా నుండును. చెకుముకి తుపాకి రాయి మందుగుండు. గొట్టములో కూరు అట్టబిళ్ళ, గుడ్డపీలిక మందుగుండు. టోపీ మందుగుండు. అన్నిటికిని కడపట, మందుగుండు చేయు యంత్రములన్నియు మందుగుండే. సీసమును, గంధకమును, పెట్లుప్పును మాత్రము ఆ పేరునుండి తప్పించి, ‘యుద్ధసామగ్రి’ యను వేరు పద్దులో చేర్చిరి. ఎలుకకన్నము విడువని ఈ శ్రద్ధ యెందులకు? 1857లో పట్టిన వణకు ఇరువది యేండ్లకును తగ్గలేదు గనుక. ఇంతటి చట్టమునకు దొరలు లోబడిరా యనగా, లేదు. యూరోపియనులకు మినహాయింపు కలదు. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసినదాక ఆ జాతిభేదము తొలగలేదు. వేటదొర విలాయతినుండి తెప్పించిన చేతిమరను డేరాలో పెట్టుకొని డొల్లలు నింపుకొనుట విలాసము; ఆ డేరా మోసిన కూలివాడు అట్టి మరను తన గుడిసెలో నుంచుకొనుట నేరము.

దొరతనమువారి భయమునకు ఆధారము లేదని మేమనము. వారు మన గోదావరి మన్యమునుండియే పాఠము నేర్చియుందురు. 1879లో రంపదేశమున పితూరీ లేచినప్పుడు కొండవారి చేతులలో నున్నవి ముందువైపునుండి మందు దట్టించు తుపాకులు. వానికి కావలసిన మందు పెట్లుప్పు, గంధకము, బొగ్గు కలిసినది. గుండు కరగించిన సీసము. ఆ విద్య పల్లెలలో నుండెను. తుపాకి ఉన్నచో దానికి ఆహారము ఊరిలోనే దొరకెడిది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్న దొర మొదలగువారి పితూరీని అణచుటకు కంపెనీలకు కంపెనీలు సైన్యము మన్యమెక్కవలసివచ్చుటకు అడవియు, జ్వరములును కారణములైనట్లే, ఈ నాటుమందు కూడ నొక కారణమని మా యభిప్రాయము.

నలుబది మూడు సంవత్సరముల తరువాత అదే మన్యమున అల్లూరి సీతారామరాజు లేచెను. ఆయన పూర్వుల ఊరగు మొగల్లు భీమవరము చెంతనున్నది, తణుకువారికి పొరుగు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఈ మూడు ఠాణాలపై వరుసగా మూడు దినములలో పడి ఆయన పట్టుకొనినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. ఎంత గొప్ప సాహసము! పట్టుకొనిన వానికి రశీదు వ్రాసి సంతకము చేసి పోయెనని ఇప్పటికిని చెప్పుకొందురు. కాని ఆ అంకెలను మరల చూడుడు. 2500ను 26చే భాగించినచో తుపాకికి నూరు తూటాలైనను రావు. ఇవి వెనుకనుండి తూటా పెట్టు పోలీసు తుపాకులు. లోహపు డొల్ల, మిట్టమధ్య టోపీ, కర్మాగారపు మందు గల తూటా తప్ప వేరొండు వానికి పనికిరాదు. ఆ తూటాను మన్యములో ఏ కమ్మరియు చేయజాలడు. పేల్చిన ప్రతి తూటాయు మరల రానిదే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇరువురు ఆంగ్ల అధికారులు కూలిరి; ఆ జయమునకు చెల్లించినదియు ఆ మూటలోని తూటాలతోనే. అవతలివైపు మలబారు పోలీసు దళము, పిమ్మట అస్సాం రైఫిల్సు. వారి తూటాలు రైలుబండిపై వచ్చుచుండెను. 1924 మే 7న కొయ్యూరులో రాజు ప్రాణము తీసినవారికి ఆయన ధైర్యముపై గెలుపు లేదు. సరఫరాపై గెలుపు వచ్చినది.

తుపాకినుండి తూటాకు, తూటానుండి తూటా చేయు యంత్రమునకు ప్రభుత్వము యొక్క చూపు ఏల జారినదో దీనివలన తెలియగలదు. పాత తుపాకి కాలమున ఆయుధమును పట్టుకొనవలసియుండెను. తూటా కాలమున ఆయుధము ఎవరి చేతనున్నను చింత లేదు. తూటా మూలమును పట్టుకొనిన చాలును. 1869లో పూనా సమీపమున కిర్కీలో మందుగుండు కర్మాగారమును నెలకొల్పిన సర్కారు, తొమ్మిదేండ్లకు ప్రజలు అట్టి యంత్రము నుంచుకొనుటయే నేరమని శాసించెను. రెండును ఒక్క ఆలోచనకే రెండు చేతులు.

ఈ చట్టముపై జాతీయోద్యమము ఏమన్నదో నేటి మన శాసనకర్తలకు జ్ఞాపకము చేయవలసియున్నది. 1930 జనవరిలో గాంధీమహాత్ముడు రాజప్రతినిధి ముందుంచిన పదునొకండు కోర్కెలలో, ఆత్మరక్షణకై ప్రజల అదుపునకు లోబడి తుపాకి లైసెన్సులిచ్చుట యొకటి. అహింసను వ్రతముగా పట్టిన మహాత్ముడే దీనిని ఉప్పు పన్నుతో పాటు అదే కాగితముపై పెట్టెను. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కులపై చేసిన తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కు ప్రతి పౌరునకు నుండవలయునని చేర్చిరి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్.వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగమునకెక్కింపవలయునని సవరణ తెచ్చెను. డాక్టరు అంబేద్కరు దానిని అంగీకరింపలేదు, సభయు త్రోసివేసెను. దేశవిభజన గాయములు పచ్చిగా నున్న ఆ దినములలో సభ చేసిన నిర్ణయమును మేము తప్పుపట్టము. కాని హక్కును కాదనుట వేరు. లిట్టను వ్రాసిన వాక్యమును మాట మార్చక తెచ్చికొనుట వేరు. 1959 చట్టము రెండవ పనియు చేసినది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినది; యంత్రము అందులోను మందుగుండుగానే నిలిచినది.

శిక్షల సంగతి మరింత విచిత్రము. 1959లో లైసెన్సు లేని తయారీకి గరిష్ఠ శిక్ష 3 సంవత్సరములు, లేక జరిమానా, లేక రెండును. జడ్జి నేరస్థుని ముఖము చూచి, నేరము చూచి, జరిమానాతో విడిచిపెట్టుటకు వీలుండెను. పంజాబు కల్లోల దినములలో, 1988లో, ఆ గరిష్ఠమే కనిష్ఠమయ్యెను: 3 మొదలు 7 సంవత్సరములు. 2019లో మరల అట్లే జరిగినది: 7 మొదలు యావజ్జీవము. నిన్నటి పైమెట్టు నేటి అడుగుమెట్టు. ఇక పోల్చి చూడుడు. లైసెన్సు లేని తుపాకిని దోవతి మడతలో దాచుకొని తిరుగువానికి అదే సవరణ తరువాత శిక్ష 2 మొదలు 5 సంవత్సరములు; తగిన ప్రత్యేక కారణములున్నచో అంతకన్న తగ్గించుటకు న్యాయస్థానమునకు అధికారము కలదు. ఆ తుపాకికి కావలసిన తూటా డొల్లను ఒత్తు అచ్చును చేసినవానికి 7 మొదలు యావజ్జీవము. తగ్గించు వెసులుబాటు ఆ ఉపవిధిలో కానరాదు. తుపాకి పట్టినవానికి దయ కలదు, ఆకురాయి పట్టినవానికి లేదు. వేయి తుపాకులు చేసినవాడును, కుతూహలముతో ఒక్క చేతిమర చేసి అటకపై పెట్టినవాడును ఒక్క మెట్టుపై నిలువవలసినవారే. జడ్జి చేతులు కట్టివేయు శిక్షలు న్యాయమునకు తగవని మన సుప్రీం కోర్టు ఈ ఆయుధముల చట్టము సందర్భముననే చెప్పియున్నది. నిషిద్ధాయుధముచే మరణము సంభవించినచో ఉరియే తప్ప వేరు శిక్ష లేదను 27వ విధిలోని భాగమును 2012లో దల్బీర్ సింగు వ్యాజ్యెమున కొట్టివేసినది. ఆ తీర్పు తరువాత ఏడేండ్లకు పార్లమెంటు అడుగుమెట్టును ఇంకను పైకెత్తుట మాకు బోధపడలేదు.

ఇంతవరకు చదివి, ఈ పత్రిక ప్రతి వసారాలో తూటాలు నింపు మరలు పెట్టుమనుచున్నదని యెవరును తలపరాదు. మందుతో ఇంట చెలగాటమాడినచో ఏమగునో గోదావరి జిల్లాలవారికి ఇతరులు చెప్పనక్కరలేదు. 2022 నవంబరులో తాడేపల్లిగూడెము మండలపు కడియద్దలో బాణసంచా తయారుచేయు చోట పేలుడు సంభవించి కూలివారు కాలి చనిపోయిరి. 2025 అక్టోబరు 8న గోదావరికి ఆవలియొడ్డున రాయవరము మండలమున అట్టిదే మరల జరిగెను. దీపావళికి ముందు ఏదో యొక గ్రామమున ఇట్టి వార్త వినని సంవత్సరములు తక్కువ. మతాబు మందే ఇంత పని చేయుచుండగా, తూటా మందును, తాకిన రగులు టోపీని పొయ్యి ప్రక్క పెట్టుకొనుడని చెప్పుట మూర్ఖత.

అమెరికా మాటయు తెలిసినదే. తుపాకియు తూటాయు కూరగాయలవలె అమ్ముడుపోవు ఆ దేశమున మన తెలుగు తల్లిదండ్రులు బిడ్డలను చదువులకు పంపి, రాత్రి టెలిఫోను మ్రోగిన గుండె పట్టుకొనుచున్నారు. 2017లో కాన్సాసు రాష్ట్రమున ఓలేత్ పట్టణమందలి ఒక పానశాలలో తెలుగు ఇంజనీరొకడు తుపాకికి బలియయ్యెను. ఆ స్వేచ్ఛ మనకు వలదు. హంటింగ్టన్ చేతిపనిని మెచ్చుకొన్నంత మాత్రమున ఆ దేశపు శాసనమును మెచ్చుకొన్నట్లు కాదు.

మరి మా వాదమేమి? మర వేరు, మందు వేరు. యంత్రమునందు నిప్పు లేదు. అది పేలదు; దానిచే ఇల్లు కాలదు. యంత్రమును తూటాతో సమానము చేయుటలో ప్రమాదమును తొలగించు ఉద్దేశము లేదు. విద్యను తొలగించు ఉద్దేశము కలదు. ప్రజల చేతులలో ఆ విద్య నిలువరాదని లిట్టను కోరెను. విదేశీయుడు కావున కోరెను. మనమేల కోరవలయును?

విద్యను అణచినచో అది నశింపదు, చీకటిలోనికి పోవును. బీహారులోని ముంగేరు అందులకు సాక్షి. 1760ల దశకమున బంగాళ నవాబు మీర్ ఖాసిం ఆంగ్లేయులతో తలపడుటకు సిద్ధమగుచు ముంగేరును రాజధానిగా చేసికొని, అచట తుపాకుల పనిశాలలు పెట్టించెను. నాటి పనితనము తరతరములుగా ఆ పట్టణమున నిలిచెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను లైసెన్సు గల చిన్న కర్మాగారములు అక్కడ నడచెను. లైసెన్సు పని సన్నగిల్లి, కూలి చాలక, చేయి తిరిగిన పనివాండ్రలో కొందరు దొంగతుపాకుల వ్యాపారుల వాకిట చేరిరి. నేడు ముంగేరు పేరు వినబడునది పనితనమునకు కాదు, పోలీసు దాడులకు. శిక్ష 3 నుండి 7కు పెరిగినను ఆ వ్యాపారము ఆగలేదు. మన మన్యములోను నాటుతుపాకులు పంటకాపుకును, వేటకును దాచియుంచబడుచునే యున్నవి. ఎప్పుడో యొకప్పుడు అవి అప్పగింపుమని పోలీసువారు చాటింపు వేయుచునే యున్నారు.

తూటాలు తిరిగి నింపుకొను అవసరము మన దేశమున ఎందరికి గలదని అడుగవచ్చును. దాచనేల, కొలదిమందికే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట ముగిసినది. అది ముగియుటయే మంచిది. పాయింట్ టూటూ యను చిన్న తూటా డొల్ల ఒకసారి పేలిన పిమ్మట మరల నింపుటకు పనికిరాదు. గాలి తుపాకికి తూటాయే లేదు. ఇక మిగిలినవారు పెద్ద తూటాల గురిపందెగాండ్రును, ఎగురు బిళ్ళలను కొట్టు ట్రాప్ క్రీడాకారులును. హైదరాబాదువాడగు కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్సులో ఈ ట్రాప్ పోటీలోనే దేశము తరఫున నిలిచెను. ఒక పోటీ మొదటి ఘట్టముననే 125 బిళ్ళలు; ఒక్కొక్క బిళ్ళకు రెండు తూటాలవరకు కాల్చవచ్చును. అట్టి పోటీకి సిద్ధమగువాడు సంవత్సరమున ఎన్ని వేల తూటాలు కాల్చవలయునో లెక్కించిన, ఈ క్రీడ ధనికుల యింటిలోనే ఏల పుట్టి పెరుగుచున్నదో తెలియును. జిల్లా క్రీడాసంఘము ఆవరణలో, అధికారి కనుసన్నలలో, తాళము వేసిన గదిలో, లెక్కకు ఎక్కిన డొల్లలను లెక్క ప్రకారము నింపుటకు మర నొకటి నుండి, ఆ మరను జిల్లాలోని పనివాడే చేసెనేని, దేశమునకు వచ్చు ఆపద మాకు కానరాదు. ఒక మధ్యతరగతి బాలునకో బాలికకో గురి నేర్చుకొను దారి మాత్రము కానవచ్చును.

ఇచట మరియొక సంగతి గలదు. మాకు అసలు బాధ కలిగించునది ఇదియే. 2001లో కేంద్రప్రభుత్వము రక్షణ సామగ్రి తయారీని ప్రైవేటు పెట్టుబడికి తెరచినది. 2021 అక్టోబరు 1న ప్రాచీనమగు ఆయుధ కర్మాగారముల మండలి రద్దయి, మందుగుండు కర్మాగారములు మ్యూనిషన్స్ ఇండియా యను కంపెనీగా మారినవి. 2024 ఫిబ్రవరిలో అదానీవారు కాన్పూరులో తూటాలు చేయు మహాకర్మాగారమును తెరచిరి. మంచిదే, పరదేశమునుండి తూటా కొనుటకంటె స్వదేశమున చేయుట మేలు. స్వదేశీయమును కోరువారము కావున మేము దానిని కాదనము. కాని తలుపు వందల కోట్లు గలవానికి మాత్రమే తెరవబడుట స్వదేశీయమా? ఉక్కు అచ్చును వెంట్రుకవాసి తేడా లేక చెక్కగల లేతు పనివానికి ఆ తలుపులో కిటికీయైనను లేదు. వానికి మిగిలినది ఏడేండ్ల అడుగుమెట్టు.

పెద్ద బాధ్యత గల పనిని చిన్న పట్టణము చేయజాలదని యెవరనగలరు? తణుకే దానికి ప్రత్యుత్తరము. 1947 ఆగస్టు 11న, స్వాతంత్ర్యమునకు నాలుగు దినముల ముందు, ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాదు మొదలగువారు ఇచట ఆంధ్రా షుగర్స్ సంస్థను స్థాపించిరి. చెరకు గానుగగా మొదలైన ఆ సంస్థ రసాయనముల తయారీలోనికి ప్రవేశించి, తరువాతి కాలమున ఇస్రో సాంకేతిక సహకారముతో రాకెట్టుకు కావలసిన ద్రవ ఇంధనమును తణుకుననే చేయు స్థితికి వచ్చెను. పీయస్‌ఎల్‌వీ రాకెట్టు రెండవ అంచెలోని వికాస్ యంత్రము మండునది ఆ జాతి ఇంధనముతోనే. అది సామాన్యమగు ద్రవము కాదు. విషము, ఆక్సీకారి తగిలినచో అగ్గిపుల్ల లేకయే భగ్గుమనును. తూటాలోని చిటికెడు మందు దాని ముందు ఏపాటి? అట్టిదానిని చెరకుతోటల నడుమ చేయుటకు ప్రభుత్వము నమ్మినది. ఏల నమ్మినది? లైసెన్సు, తనిఖీ, లెక్క, శిక్షణ యున్నవి గనుక. పని నిషేధించి కాదు, నియమించి నమ్మినది. ఆకాశమునకు పోవు రాకెట్టు విషయమున చేయగలిగిన ఏర్పాటును, బిళ్ళను కొట్టు తూటా డొల్ల విషయమున చేయజాలమనుట నమ్మదగిన మాట కాదు.

అట్టి నియమములతో చిన్న పనివానికి తయారీ లైసెన్సు, క్రీడాసంఘమునకు నింపు లైసెన్సు సులభముగా దొరకు దారిని కేంద్ర హోంశాఖ నియమావళి మార్పు ద్వారానే వేయగలదు; 2016 ఆయుధముల నియమావళి ఆ శాఖ ప్రకటనగానే వచ్చినది. మందును, టోపీని ఇండ్లలోనికి రానీయని కట్టుబాటు అందులో ఎంత గట్టిగా నున్నను మాకు సమ్మతమే. కాని యంత్రమును మందుగుండు నిర్వచనమునుండి వేరుచేసి దానికి వేరు శిక్షను నిర్ణయించుట, కనిష్ఠమును తీసివేసి జడ్జి వివేచనకు చోటిచ్చుట, ఈ రెండును పార్లమెంటు వలన కావలసినవి. తణుకు శాసనసభా నియోజకవర్గము నరసాపురము లోక్‌సభా స్థానములో చేరినది. అచటి ప్రతినిధి సభలో ఒక్క ప్రశ్న వేసినచో చాలును: 2019 డిసెంబరు తరువాత ఈ దేశమున, తుపాకి గాని, మందు గాని, నింపిన తూటా గాని దొరకక, కేవలము యంత్రమో అచ్చో దొరకినందున ఈ చట్టము క్రింద అరెస్టు కాబడినవారెందరు? వారిలో ముఠాల మనుష్యులెందరు, కూలికి పనిచేసిన కమ్మరులును లేతు పనివాండ్రును ఎందరు? విచారణ ముగియక జైళ్లలో నున్నవారెందరు? ఆ జవాబు వచ్చిన వారముననే దానిని ఈ పుటలో ముద్రింతుము.